వంతుల నీరు, నిలకడ వేగం: సీఎన్‌సీ స్పిండిల్‌ను పీడబ్ల్యూఎం నుంచి 0–10 వోల్టులతో నడిపించే పద్ధతి

మా షెడ్డు రావులపాలేనికి కాస్త లోపలికి, కాలవ గట్టు పక్కన ఉంటుంది. టేకు తలుపుల మీద లతలు, కలశాలు చెక్కుతాం. దేవుడి గదుల ద్వారబంధాలు చేస్తాం. మెషీను చిన్నదే, కంప్యూటరు ఫైలు చెప్పినట్టు చెక్కే సీఎన్‌సీ. బిట్టును తిప్పే 2.2 కిలోవాట్ల మోటారు (స్పిండిల్), దాని వేగాన్ని మార్చే వీఎఫ్‌డీ అనే పెట్టె, ఆర్డుయినో ఊనో అనే చిన్న బోర్డు మీద మెషీనును నడిపే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము. మొదటి ఏడాదంతా వేగాన్ని వీఎఫ్‌డీ మీదున్న నాబ్ తిప్పే పెట్టాం. ఫైలులో ఎస్ విలువ (కావలసిన వేగం) ఎంత రాసినా స్పిండిల్‌కు చేరేది కాదు. ఒకరోజు 3 మిల్లీమీటర్ల బిట్టుకి పెట్టిన, నిమిషానికి 24000 చుట్ల వేగాన్ని తగ్గించకుండానే పెద్ద వీ బిట్టు ఎక్కించాను. అవతల చిత్రిక పడుతున్న వడ్రంగి బాబాయ్ తలెత్తకుండానే, "అబ్బాయ్, బిట్టు ఏడుస్తోంది, చూడు" అన్నాడు. నేను వెళ్లి చూసేసరికి లత అంచు పొడవునా నల్లటి చార పడి ఉంది. టేకు కమిలిన వాసన షెడ్డంతా నిండిపోయింది. ఆ పలక ఇక తలుపుకి పనికిరాలేదు.

వేగం ఫైలు నుంచే మారాలని ఆ రోజే నిశ్చయించుకున్నాను. ఆ పని ఎలా చేశానో, ఎక్కడ తప్పానో, ఏ తీగ ఎక్కడికి వెళ్లాలో వరుసగా రాస్తున్నాను. సోల్డరింగు ఐరన్, మల్టీమీటరు పట్టుకోవడం వచ్చినవాళ్లెవరైనా చేసుకోవచ్చు.

ముందుగా ఒక్క జాగ్రత్త. వీఎఫ్‌డీ లోపల 230 వోల్టుల ఏసీ సుమారు 325 వోల్టుల డీసీగా మారి పెద్ద కెపాసిటర్లలో నిలవ ఉంటుంది. స్విచ్చి తీసేసినా ఆ నిలవ వెంటనే పోదు. మూత తీసే ముందు కనీసం 10 నిమిషాలు ఆగండి. తెర ఆరిపోయింది కదా అని చెయ్యి పెట్టకండి.

వంతులు, చెరువు

రబీలో గోదావరి నీరు తగ్గినప్పుడు ధవళేశ్వరం కింద కాలవలకు వంతులవారీగా నీరొదలడం మనకు తెలిసిందే. కొన్నాళ్లు నిండుగా పారుతుంది, కొన్నాళ్లు అసలు రాదు. కాలవలో చూస్తే ఉంటే మొత్తం, లేకపోతే సున్నా. అదే నీళ్లు సన్నటి తూము గుండా ఒక చెరువులోకి వెళ్తే, చెరువులో మట్టం మాత్రం నిలకడగా ఉంటుంది. ప్రతి వంతులో నీరు పారే రోజులు పెరిగితే మట్టం పెరుగుతుంది, తగ్గితే తగ్గుతుంది.

పీడబ్ల్యూఎం అంటే ఈ వంతులే. ఆర్డుయినో పిన్ను 5 వోల్టులైనా ఇస్తుంది, సున్నా అయినా ఇస్తుంది, మధ్యలో ఏమీ ఉండదు. జీఆర్‌బీఎల్ 1.1లో ఈ ఆన్, ఆఫ్ సెకనుకు సుమారు 977 సార్లు జరుగుతుంది. ప్రతి వంతులో ఎంత భాగం ఆన్‌లో ఉందో దాన్ని డ్యూటీ అంటాం. డ్యూటీ 75 శాతమైతే సగటు 3.75 వోల్టులు. వీఎఫ్‌డీకి కావలసింది మాత్రం 0 నుంచి 10 వోల్టుల వరకు నిలకడగా ఉండే మట్టం. కాబట్టి మనం చేసే పనులు మూడు: వంతుల్ని చెరువులో పోసి సాపు చేయడం, వచ్చిన 5 వోల్టుల్ని 10కి పెంచడం, ఆర్డుయినో వైపుకీ వీఎఫ్‌డీ వైపుకీ మధ్య విద్యుత్ సంబంధం లేకుండా చేయడం. ఇక్కడ తూము రెసిస్టరు, చెరువు కెపాసిటరు.

మొదటిసారి నేను చెరువు మరీ చిన్నది తవ్వాను. 10 కిలో ఓమ్‌ల రెసిస్టరు, 1 మైక్రోఫారడ్ కెపాసిటరు. రెంటినీ గుణిస్తే 10 మిల్లీసెకన్లు. ఒక వంతు పొడవు సుమారు 1 మిల్లీసెకను. సగం డ్యూటీ దగ్గర అల ఎంత ఉంటుందో లెక్క కడితే 0.13 వోల్టులు వస్తుంది. దాన్ని రెట్టింపు చేశాక పావు వోల్టు. స్పిండిల్ భాషలో అది 600 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) ఊగిసలాట. వీఎఫ్‌డీ తెర మీద అంకె ఒకచోట నిలబడలేదు. రెసిస్టరు 100 కిలో ఓమ్‌లకు మార్చగానే అల పదో వంతుకు పడిపోయి, అంకె కుదురుకుంది. మట్టం కొత్త స్థాయికి చేరడానికి ఇప్పుడు అర సెకను పడుతుంది. స్పిండిల్ వేగం అందుకోవడానికే ఎనిమిది, పది సెకన్లు పడుతుంది కనుక ఆ అర సెకనుతో మనకు నష్టం లేదు.

లెక్క ఒక్కసారి గట్టిగా పట్టుకోండి

ఇలాంటి చెక్క పని స్పిండిళ్లలో ఎక్కువ భాగం రెండు పోల్‌ల (అయస్కాంత ధ్రువాల) మోటార్లు. వీఎఫ్‌డీ ఇచ్చే హెర్ట్జ్‌ని 60తో గుణిస్తే ఆర్‌పీఎం. 400 హెర్ట్జ్ దగ్గర 24000. 10 వోల్టులకు 400 హెర్ట్జ్ అని పెట్టుకుంటే ఒక్కో వోల్టుకు 40 హెర్ట్జ్, అంటే 2400 ఆర్‌పీఎం. ఎస్12000 అంటే 5 వోల్టులు. ఎస్18000 అంటే 7.5 వోల్టులు. ఈ రెండు అంకెలు మెషీను పక్కన గోడ మీద రాసి పెట్టుకోండి, మీటరు పట్టినప్పుడల్లా అక్కరకొస్తాయి.

వేగం తగ్గించేటప్పుడు రెండు సంగతులు గుర్తుంచుకోవాలి. గాలితో చల్లబడే స్పిండిల్‌కు ఫ్యాను అదే షాఫ్టు మీద ఉంటుంది. వేగం తగ్గితే గాలీ తగ్గుతుంది. 8000 కంటే కింద ఎక్కువసేపు నడపకండి. రెండోది బలం. 2.2 కిలోవాట్లు అన్నది 24000 దగ్గర మాట. 8000 దగ్గర అందులో మూడో వంతే మిగులుతుంది. నీళ్లతో చల్లబడేదైనా ఈ రెండో సంగతి తప్పదు.

సామాన్లు

వోల్టేజీ పెంచే ఎల్‌ఎం358 ఆంప్లిఫయర్ ఒకటి, తీగ సంబంధం లేకుండా సిగ్నల్‌ను వెలుతురుతో దాటించే పీసీ817 ఆప్టోకప్లర్ ఒకటి, 12 వోల్టుల్ని 5కి దించే 7805 రెగ్యులేటరు ఒకటి. రెసిస్టర్లు 470 ఓమ్‌లు, 1 కిలో, 8.2 కిలో, 10 కిలో, 100 కిలో. 1 మైక్రోఫారడ్ ఫిల్మ్ కెపాసిటరు, 0.1 మైక్రోఫారడ్‌వి మూడు. ఎక్కువ చుట్లు తిరిగే 5 కిలో ట్రిమ్‌పాట్ (స్క్రూ తిప్పి సర్దే రెసిస్టరు) ఒకటి. 12 వోల్టుల అడాప్టరు ఒకటి. పాత సెట్‌టాప్ బాక్సుదైనా, మీటరు 12 చూపిస్తే చాలు. 5 వోల్టుల రిలే మాడ్యూలు ఒకటి. షీల్డు ఉన్న రెండు తీగల కేబులు.

సర్క్యూట్ కట్టడం

ఆర్డుయినో 11వ పిన్ను నుంచి 470 ఓమ్‌ల రెసిస్టరు, అక్కడి నుంచి పీసీ817 లోపలి ఎల్‌ఈడీ ప్లస్ కాలు. ఎల్‌ఈడీ మైనస్ కాలు ఆర్డుయినో గ్రౌండుకి. ఆర్డుయినో వైపు పని ఇంతే.

అవతలి వైపుకి కరెంటు 12 వోల్టుల అడాప్టరు నుంచి వస్తుంది. దానికి 7805 పెట్టి 5 వోల్టులు తీయండి. ఆ 5 వోల్టుల్ని పీసీ817 అవతలి వైపున్న రెండు కాళ్లలో కలెక్టరుకు ఇవ్వండి. రెండోదైన ఎమిటరు నుంచి 1 కిలో రెసిస్టరు అడాప్టరు గ్రౌండుకి. ఎమిటరు దగ్గర ఇప్పుడు వంతులు మళ్లీ కనిపిస్తాయి, ఆర్డుయినోతో తీగ సంబంధం మాత్రం లేదు.

ఎమిటరు దగ్గరే తీసుకోమనడానికి కారణముంది. చాలా సర్క్యూట్ బొమ్మల్లో ఎమిటరును గ్రౌండుకి కలిపి, కలెక్టరు నుంచి సిగ్నల్ తీస్తారు. అలా చేస్తే సిగ్నల్ తలకిందులవుతుంది. ఆర్డుయినో ఆగిపోయినా, తీగ ఊడినా, ఎల్‌ఈడీ ఆరిపోయి అవతల పూర్తి 5 వోల్టులు వస్తాయి. అంటే సిగ్నల్ పోయిన క్షణాన స్పిండిల్‌కు వెళ్లే ఆజ్ఞ 24000. ఎమిటరు దగ్గర తీస్తే సిగ్నల్ పోగానే సున్నా వస్తుంది. ఏ సర్క్యూట్ చూసినా ముందు ఈ ప్రశ్నే వేసుకోండి: తీగ తెగితే స్పిండిల్ ఏం చేస్తుంది? దానికి జవాబు "ఆగుతుంది" కాకపోతే ఆ సర్క్యూట్ మీ షెడ్డులోకి రానివ్వకండి.

ఎమిటరు నుంచి 100 కిలో రెసిస్టరు ఎల్‌ఎం358 మూడో కాలుకి. అదే కాలు నుంచి 1 మైక్రోఫారడ్ గ్రౌండుకి. రెండో కాలు నుంచి 10 కిలో గ్రౌండుకి. ఒకటో కాలుకీ రెండో కాలుకీ మధ్య 8.2 కిలో, 5 కిలో ట్రిమ్‌పాట్ వరుసగా. దీంతో పెంపు 1.82 నుంచి 2.32 రెట్ల వరకు సర్దుకోవచ్చు. ఎనిమిదో కాలుకి 12 వోల్టులు, నాలుగో కాలు గ్రౌండుకి. వాడని రెండో ఆంప్లిఫయర్‌ను గాలికి వదలకండి. ఆరో కాలు, ఏడో కాలు కలిపి, అయిదో కాలు గ్రౌండుకి ఇవ్వండి. 0.1 మైక్రోఫారడ్లు ఎల్‌ఎం358 కాళ్ల పక్కనొకటి, 7805కి రెండు వైపులా ఒక్కొక్కటి.

24 వోల్టులు ఉంటే అవే ఇవ్వొచ్చు కదా అని అడుగుతారు. ఇవ్వొచ్చు, కానీ నేను ఇవ్వను. ఎల్‌ఎం358 తనకిచ్చిన వోల్టేజీ కంటే సుమారు వోల్టున్నర తక్కువ దాకానే పైకి వెళ్లగలదు. 12 ఇస్తే పదిన్నర దగ్గర ఆగిపోతుంది. ట్రిమ్‌పాట్ చెడినా, తీగ ఎక్కడైనా తాకినా వీఎఫ్‌డీ ఇన్‌పుట్టుకు 22 వోల్టులు వెళ్లే ప్రమాదం ఉండదు.

ఇదంతా కట్టే ఓపిక లేకపోతే పీడబ్ల్యూఎం నుంచి 0–10 వోల్టులకు మార్చే చిన్న బోర్డులు తయారుగా దొరుకుతాయి. వాటి మీద 5 వోల్టులా, 24 వోల్టులా అని ఎంచుకునే జంపరు ఉంటుంది. ఆర్డుయినోకి 5 వైపు పెట్టాలి. వాటిలో చాలావాటికి రెండు వైపుల్నీ వేరు చేసే ఐసోలేషన్ ఉండదు. ఆర్డుయినో గ్రౌండు, వీఎఫ్‌డీ గ్రౌండు ఒకటైపోతాయి. స్పిండిల్ ఎక్కగానే లాప్‌టాప్‌లో యూఎస్‌బీ తెగిపోవడం, పని సగంలో ఆగడం చాలాసార్లు ఇక్కడి నుంచే మొదలవుతాయి. ఐసోలేషన్ ఉందో లేదో తెలుసుకోవడం తేలికే. కరెంటు తీసేసి, ఇన్‌పుట్ గ్రౌండుకీ అవుట్‌పుట్ గ్రౌండుకీ మధ్య మీటరు బీప్ పెట్టి చూడండి. మోగితే లేనట్టే.

తిరగమనే తీగ వేరు, ఎంత వేగమో చెప్పే తీగ వేరు

వోల్టేజీ సున్నా అయితే స్పిండిల్ ఆగినట్టే కదా అని దానిమీదే ఆధారపడకండి. సున్నా అనుకున్న చోట కొద్ది మిల్లీవోల్టులు మిగిలినా వీఎఫ్‌డీ దాన్ని చిన్న వేగంగా తీసుకోవచ్చు. బిట్టు మారుస్తూ కొల్లెట్ (బిట్టును పట్టుకునే బిగింపు) దగ్గర చేతులు పెట్టేది మనమే. తిరగడానికి, ఆగడానికి వేరే రిలే ఉండాలి. రిలే కాంటాక్టు వీఎఫ్‌డీ మీది ఎఫ్‌ఓఆర్ (తిరగమనే ఆజ్ఞ), డీసీఎమ్ (దాని కామన్) టెర్మినళ్ల మధ్య పెట్టండి. ఎమర్జెన్సీ బటన్ కాంటాక్టు కూడా ఆ దారిలోనే వరుసగా వెళ్లాలి. బిట్టు మార్చేటప్పుడు మాత్రం వీఎఫ్‌డీకి కరెంటే తీసేయండి.

జీఆర్‌బీఎల్ 1.1లో 13వ పిన్ను మామూలుగా దిశ చెప్పడానికి వాడతారు. దాన్నే రిలేను నడిపే ఆన్, ఆఫ్ పిన్నుగా మార్చే లైను జీఆర్‌బీఎల్ కాన్ఫిగ్ ఫైలులో కామెంటుగా ఉంటుంది. ముందున్న రెండు గీతలు తీసి మళ్లీ అప్‌లోడ్ చేయాలి. ఊనోకి కరెంటు ఇచ్చినప్పుడు 13వ పిన్ను లైటు ఒకసారి మిణుకుమంటుంది, రిలే కూడా టిక్కుమనవచ్చు. అందుకే ముందు కంట్రోలరు ఆన్ చేసి, సాఫ్ట్‌వేర్ కలిశాకే వీఎఫ్‌డీ ఎంసీబీ ఎత్తడం అలవాటు చేసుకోండి. రిలే మాడ్యూలు పిన్ను హై అయినప్పుడు పనిచేసే రకం తీసుకోండి. లో అయినప్పుడు పనిచేసే రకం ఇక్కడ పనికిరాదు.

సీఎన్‌సీ షీల్డు (ఆర్డుయినో మీద కూర్చునే బోర్డు) వాడేవాళ్లకు ఇంకో చిక్కు. పాత వెర్షన్ల లెక్కన దాని మీద పేర్లు అచ్చేశారు. 1.1లో 11, 12 పిన్నుల పనులు తారుమారయ్యాయి. జెడ్ లిమిట్ అని రాసిన చోట పీడబ్ల్యూఎం వస్తుంది. స్పిండిల్ ఎనేబుల్ అని రాసిన చోట జెడ్ లిమిట్ స్విచ్ పెట్టాలి. ఈ ఒక్కదానికి నాకు రెండు సాయంత్రాలు పోయాయి.

వీఎఫ్‌డీలో మార్చాల్సినవి

ముందు పాత పద్ధతిలోనే, ప్యానెల్ నుంచి స్పిండిల్ సరిగా తిరుగుతోందని చూసుకోండి. అది కాకుండా ముందుకు వెళ్లొద్దు. కింద రాసేవి హువాన్యాంగ్ హెచ్‌వై రకం వీఎఫ్‌డీ సెట్టింగుల అంకెలు. మీది వేరే రకమైతే పేర్లు మారతాయి, అర్థం మారదు. మాన్యువల్ దగ్గర పెట్టుకుని చూడండి.

పీడీ001 = 1 అంటే తిరిగే ఆజ్ఞ బయటి టెర్మినల్ నుంచి. పీడీ002 = 1 అంటే వేగం బయటి అనలాగ్ నుంచి. పీడీ070 = 0 అంటే 0–10 వోల్టులు. పీడీ072 = 400 అంటే పై వోల్టేజీకి హెర్ట్జ్, పీడీ073 = 0 అంటే కింది వోల్టేజీకి. పీడీ004 (పూర్తి వోల్టేజీ అందే హెర్ట్జ్), పీడీ005 (గరిష్ఠ హెర్ట్జ్) రెండూ 400. పీడీ004 పొరపాటున 50 దగ్గర ఉండిపోతే 400 హెర్ట్జ్ మోటారుకి 50 దగ్గరే పూర్తి వోల్టేజీ అందుతుంది, వైండింగు కాలిపోతుంది. దీన్ని రెండుసార్లు చూడండి. పీడీ011 కనీస హెర్ట్జ్. గాలి స్పిండిల్‌కు 133 పెడితే సుమారు 8000 కిందికి దిగదు. పీడీ014 వేగం పెరిగే సమయం, పీడీ015 తగ్గే సమయం. రెంటికీ 8 నుంచి 10 సెకన్లు మంచిది. మరీ త్వరగా ఆపాలని చూస్తే ఓవర్‌వోల్టేజీతో ట్రిప్పవుతుంది. మోటారు వోల్టేజీ, ఆంపియర్లు పీడీ141, పీడీ142లో స్పిండిల్ మీద రాసి ఉన్నట్టే ఇవ్వండి.

కొన్ని వాటిలో ప్యానెల్ నాబ్‌కీ బయటి వీఐ (వేగం వోల్టేజీ ఇచ్చే) టెర్మినల్‌కీ మధ్య ఎంచుకునే జంపరు లోపలి బోర్డు మీద ఉంటుంది. అన్నీ సరిగా పెట్టినా వేగం మారకపోతే ముందు దాన్నే చూడండి.

జీఆర్‌బీఎల్ వైపు

సెట్టింగుల్లో $30=24000 (గరిష్ఠ వేగం), $31=0 (కనీస వేగం), $32=0. మూడూ ముఖ్యమే. $32 లేజరు మోడ్. ఒకటిగా ఉంటే స్పిండిల్ వేగంతో ఆటలాడుతుంది. $31 దగ్గర చాలామంది పొరబడతారు. స్పిండిల్ కనీస వేగం 8000 కదా అని అక్కడ 8000 రాస్తారు. అప్పుడు జీఆర్‌బీఎల్ 8000ను దాదాపు సున్నా వోల్టులుగా, 24000ను పైకొసగా పరుస్తుంది. ఎస్16000 అడిగితే 5 వోల్టులే వచ్చి, స్పిండిల్ 12000 దగ్గర నిలబడుతుంది. కనీస వేగం సంగతి వీఎఫ్‌డీకి వదిలేసి ఇక్కడ సున్నా పెట్టండి.

పీడబ్ల్యూఎంలో 255 మెట్లే ఉన్నాయి, ఒక్కో మెట్టు 94 ఆర్‌పీఎం. చెక్క పనికి అంతకంటే సూక్ష్మం అక్కర్లేదు.

ఎం3 (స్పిండిల్ తిరగమనే ఆజ్ఞ) తర్వాత జీ4 పీ10 పెట్టి పది సెకన్లు ఆగేలా పోస్ట్ ప్రాసెసర్లో (డిజైన్‌ను మెషీను ఫైలుగా మార్చేది) రాసుకోండి. లేకపోతే స్పిండిల్ పూర్తి వేగం అందుకోకముందే బిట్టు చెక్కలోకి దిగి విరుగుతుంది.

మీటరుతో సరిచేయడం

వీఎఫ్‌డీ ఎంసీబీ దించి ఉంచండి. కంట్రోలరు, అడాప్టరు మాత్రమే ఆన్. మీటరు డీసీ వోల్టుల్లో పెట్టి ముందు 11వ పిన్ను దగ్గర చూడండి. ఎం3 ఎస్18000 పంపితే సుమారు 3.75 రావాలి. అది రాకుండా సర్క్యూట్‌లో వెతకడం వృథా. తర్వాత ఎల్‌ఎం358 ఒకటో కాలు దగ్గర చూస్తూ ట్రిమ్‌పాట్ తిప్పి 7.50కి తెండి.

పైకొస ఎస్24000 దగ్గర కాకుండా 18000 దగ్గర సరిచేయమనడానికి కారణం పీసీ817. అది వెలగడం కంటే ఆరడానికి ఎక్కువ సమయం, కొన్ని పదుల మైక్రోసెకన్లు తీసుకుంటుంది. అందువల్ల మధ్య వేగాల్లో వోల్టేజీ లెక్క కంటే కాస్త ఎక్కువ వస్తుంది. మీరు రోజూ వాడే వేగం దగ్గర సరిగ్గా ఉంటే, వాడని కొస దగ్గర కాస్త తక్కువైనా ఇబ్బంది లేదు. టేకు మీద 6 మిల్లీమీటర్ల రెండు పళ్ల బిట్టుకు నేను ఎక్కువగా 18000 వాడతాను. పంటికి 0.08 మిల్లీమీటర్ల చొప్పున నిమిషానికి 2880 మిల్లీమీటర్ల ఫీడు (బిట్టు చెక్కలో ముందుకు కదిలే వేగం) వస్తుంది. స్పిండిల్ చెప్పిన వేగంలో లేకపోతే ఈ లెక్కంతా తప్పుతుంది.

ఇప్పుడు అవుట్‌పుట్‌ను వీఐ టెర్మినల్‌కు, అడాప్టరు గ్రౌండును ఏసీఎమ్ టెర్మినల్‌కు కలిపి, బిట్టు లేకుండా, కొల్లెట్ నట్టు తీసేసి నడపండి. ఎస్18000కి తెర మీద 300 హెర్ట్జ్ కనిపించాలి. వీఎఫ్‌డీ మీద 10 వోల్టులని రాసిన టెర్మినల్ ఉంటుంది. అది పాట్ పెట్టుకునేవాళ్ల కోసం. మన సర్క్యూట్‌ను దానికి తగిలించకండి. లేజరు టాకోమీటరు (చుట్లు లెక్కపెట్టే మీటరు) ఉంటే షాఫ్టు మీద మెరిసే స్టిక్కరు అంటించి చూడండి. ఇది ఇండక్షన్ మోటారు కాబట్టి లెక్క కంటే కొంచెం తక్కువ చూపించడం మామూలే.

తీగలు, ఎర్తు

సర్క్యూట్ ఎంత బాగా కట్టినా ఇక్కడ తేడా వస్తే మొత్తం పాడవుతుంది. వీఎఫ్‌డీ నుంచి స్పిండిల్‌కు వెళ్లే తీగలు పెద్ద శబ్దం చేసే ఇరుగుపొరుగు లాంటివి. అనలాగ్ కేబులు వాటికి కనీసం జానెడు దూరంలో ఉండాలి. దాటక తప్పకపోతే అడ్డంగా దాటించండి, పక్కపక్కన పారించకండి. అనలాగ్ కేబులు షీల్డును వీఎఫ్‌డీ వైపు మాత్రమే ఎర్తు చేయండి.

మా దగ్గరికొచ్చే ఎలక్ట్రీషియన్ దీనికి ఒప్పుకోలేదు. "రెండేపులా ఎర్తు ఇత్తే ఇంకా గట్టిగా ఉంటది కదండీ" అన్నాడు. రెండు చోట్లా కలిపితే రెండు ఎర్తుల మధ్య ఉన్న తేడా వల్ల షీల్డులోనే కరెంటు పారి, అదే సిగ్నల్‌లోకి ఎక్కుతుందని చెప్పాను. ఒక వైపు విప్పి, తెర మీద అంకె కుదురుకోవడం చూపించాక, "ఆయ్, నిజమేనండి" అని తనే టేపు చుట్టాడు.

స్పిండిల్ బాడీకి ఎర్తు ఉందో లేదో తప్పకుండా చూడండి. నాలుగు పిన్నుల కనెక్టరు ఉన్నంత మాత్రాన నాలుగోది బాడీకి కలిసి ఉండాలని లేదు. చాలా స్పిండిళ్లలో లోపల తీగ వేయకుండానే వదిలేస్తారు. మీటరు బీప్ పెట్టి పిన్నుకీ బాడీకీ మధ్య చూడండి. మోగకపోతే బాడీ నుంచి వేరే తీగ లాగండి. ఎర్తు గుంత విషయంలో కాలవ గట్టు మట్టి ఏడాదిలో ఎక్కువ కాలం తడిగా ఉంటుంది, మనకు అదొక వరం. సముద్రం వైపు ఇసుక నేలల్లో వేసవికి గుంత ఎండిపోతుంది. అక్కడివాళ్లు ఎర్తు టెస్టరుతో వేసవిలోనే కొలిపించుకోవాలి, వానాకాలంలో కొలిచి సంతోషపడితే లాభం లేదు.

ఉప్పుగాలి తగిలే ఊళ్లలో టెర్మినళ్ల దగ్గర రాగి పచ్చబడుతుంది. పోగుల తీగను నేరుగా స్క్రూ కింద బిగించకుండా పిన్ లగ్గులు వేసి బిగించండి. మా ఫీడరు మీద రాత్రిళ్లు చెరువుల ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే మెషీన్లు) తిరిగేటప్పుడు వోల్టేజీ బాగా పడుతుంది. అప్పుడు వీఎఫ్‌డీ ట్రిప్పయితే తప్పు మీ సర్క్యూట్‌ది అనుకోకండి. ముందు మెయిన్ వోల్టేజీ కొలవండి.

చివరి పరీక్ష

బిట్టు పెట్టకుండా ఎం3 ఎస్9000 పంపి స్పిండిల్ తిరుగుతుండగా ఒక్కొక్కటే తెంపి చూడండి. ముందు ఆర్డుయినో యూఎస్‌బీ పీకండి. రిలే వదిలేసి స్పిండిల్ నెమ్మదించాలి. మళ్లీ కలిపి నడిపి, ఈసారి 12 వోల్టుల అడాప్టరు తీయండి. వోల్టేజీ సున్నాకి పడాలి. పీడీ011లో 133 పెట్టి ఉంటే వీఎఫ్‌డీ ఆ కనీస వేగంలో తిరుగుతూ ఉండొచ్చు. అది రిలేతోనే ఆగాలి, ఎం5 (ఆగమనే ఆజ్ఞ) పంపి ఆగుతోందని చూడండి. తర్వాత ఎమర్జెన్సీ బటన్. మూడిట్లో ఏది తేడాగా ఉన్నా బిట్టు ఎక్కించకండి, తీగలు మళ్లీ మొదటి నుంచి చూడండి.

మూడూ సరిపోతే ట్రిమ్‌పాట్ స్క్రూ మీద ఒక చుక్క గోళ్ల రంగు వేయండి. మెషీను అదురుకు అది కదలకుండా ఉంటుంది. మా మెషీనులో ఆ చుక్క ఎర్రగా ఉంటుంది. వానాకాలం అయ్యాక ప్యానెల్ తుడిచే రోజున బాబాయ్ ముందు దాన్నే చూస్తాడు, తర్వాత టెర్మినల్ స్క్రూలు ఒక్కొక్కటే బిగిస్తాడు, ఎస్18000కి తెర మీద 300 వచ్చిందో లేదో చూసి పలక పెడతాడు.